గేటు బయట మొదటి రాత్రి: జైలు నుంచి విడుదలైన మహిళల కోసం ఆసరా ఇల్లు నడపడం ఎలా

బెయిల్ మీద విడుదలయ్యే మహిళ జైలు గేటు దాటేసరికి తరచూ సాయంత్రం దాటిపోతుంది. కోర్టు ఉత్తర్వు చేరి, రిజిస్టర్లలో సంతకాలు పూర్తయి, అరెస్టయిన నాడు తీసి భద్రపరచిన వస్తువుల సంచి చేతికి వచ్చేసరికి పొద్దు గుంకుతుంది. తీసుకువెళ్లడానికి తల్లో, అన్నో వచ్చిన మహిళకు ఆ ఆలస్యం పెద్ద విషయం కాదు. ఎవరూ రాని మహిళకు మాత్రం ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలన్నదే అన్నిటికంటే పెద్ద ప్రశ్న అవుతుంది. ఆమె బస్టాండులో తలదాచుకున్నా, తనను ఈ కేసులోకి లాగిన మనిషి ఇంటికే తిరిగి వెళ్లవలసి వచ్చినా, జైలులో ఆమెకు నేర్పిన కుట్టుపనీ, ఇచ్చిన కౌన్సెలింగూ ఆ ఒక్క రాత్రితో అక్కరకు రాకుండా పోవచ్చు.

తెలుగు రాష్ట్రాలలో ఇటువంటి మహిళల కోసం కొన్ని నెలల ఆసరా ఇల్లు నడపాలనుకునే మహిళా సంఘాలకూ, చిన్న స్వచ్ఛంద సంస్థలకూ పనికివచ్చేలా ఈ వ్యాసం రాస్తున్నాను. అటువంటి ఇంటి పనిలో కొన్నేళ్లు పాలుపంచుకున్న అనుభవంతో ముందుగా ఒక మాట చెప్పాలి. మంచాలు, బియ్యం, అద్దె సమకూర్చుకోవడం కష్టమే అయినా సాధ్యమయ్యే పని. ఆ ఇల్లు తెలియకుండానే మరో జైలుగా మారకుండా చూసుకోవడం అంతకంటే కష్టం. కింద చెప్పిన అడుగులన్నీ ఈ ఎరుకతోనే వేయాలి.

1. ఎవరి కోసమో ముందే తేల్చుకోండి

2022 చివరి నాటికి దేశంలోని 5,73,220 మంది ఖైదీలలో మహిళలు 23,772 మంది. సంఖ్య తక్కువ కాబట్టి మహిళలకు విడిగా ఉన్న జైళ్లూ తక్కువే. హైదరాబాదు చంచల్‌గూడలోనూ, రాజమహేంద్రవరంలోనూ, కడపలోనూ మహిళా జైళ్లు ఉన్నాయి. దూరపు జిల్లాకు చెందిన మహిళను అక్కడ ఉంచితే, కూలి పని మానుకుని, ఛార్జీలు పెట్టుకుని ములాఖత్‌కు వచ్చే బంధువులు క్రమంగా తగ్గిపోతారు. రెండు మూడేళ్లయ్యాక విడుదల తేదీ ఎవరికి చెప్పాలో కూడా ఆమెకు తెలియని పరిస్థితి వస్తుంది. మీ ఇల్లు ముందుగా ఇటువంటి మహిళలకు చెందాలి.

మీ దగ్గరకు వచ్చేవారు మూడు రకాలుగా ఉంటారు. శిక్ష పూర్తి చేసుకున్నవారికి విడుదల తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి మీకు సిద్ధమయ్యే వ్యవధి దొరుకుతుంది. బెయిల్ మీద వచ్చే విచారణ ఖైదీలకు కేసు ఇంకా నడుస్తూనే ఉంటుంది, షరతులు ఉంటాయి, వాయిదాలు ఉంటాయి. కేసు కొట్టివేయగా వచ్చినవారు చట్టం దృష్టిలో ఏ తప్పూ చేయనివారు, అయినా వాడకట్టు చూపులో తేడా ఉండదు. ముగ్గురికీ ఒకే దరఖాస్తు, ఒకే గడువు పెడితే ఎవరి అవసరమూ తీరదు.

2. ఇల్లు, అనుమతులు

ఆరు నుంచి ఎనిమిది మందికి మించని ఇల్లు చూసుకోండి. అంతకు మించితే వంట హాస్టల్ వంట అవుతుంది, మాట్లాడుకోవడం మానేసి ప్రకటనలు చేయవలసి వస్తుంది. బస్సు దిగి నడిచి రాగల దూరంలో, మామూలు కుటుంబాలు ఉండే వీధిలో, నీళ్లకు ఇబ్బంది లేని ఇల్లు మంచిది. ఇంటి యజమానికి విషయం దాచకండి. ఎవరి కేసు ఏమిటో చెప్పనవసరం లేదు గానీ, ఏ పని కోసం ఇల్లు తీసుకుంటున్నారో చెప్పి, దానిని అద్దె ఒప్పందంలో రాయించుకోవాలి. ఒకసారి మేము మొహమాటపడి "పనిచేసే ఆడవాళ్ల హాస్టల్" అని మాత్రమే చెప్పాము. రెండో నెలలో ఎవరి ద్వారానో సంగతి తెలిసిన యజమాని వారం రోజులలో ఖాళీ చేయమన్నాడు. అప్పుడే కాస్త కుదురుకుంటున్న ఐదుగురు మహిళలు మళ్లీ మూటలు కట్టుకోవలసి వచ్చింది. అది మా తప్పు. ఇల్లు దొరకడానికి మరో రెండు నెలలు పట్టినా సరే, నిజం చెప్పి తీసుకున్న ఇల్లే నిలుస్తుంది.

సంస్థను సంఘంగానో ట్రస్టుగానో నమోదు చేసుకున్న తరువాత జిల్లా మహిళా శిశు సంక్షేమ అధికారిని కలవండి. మహిళలను ఉంచుకునే ఆశ్రమాలకు 1956 నాటి లైసెన్సింగ్ చట్టం, 1960 నాటి ధార్మిక గృహాల పర్యవేక్షణ చట్టం ఉన్నాయి. మీ ఇంటికి ఏ అనుమతి కావాలో లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. తల్లి తోడు లేని పిల్లలను ఉంచుకోదలిస్తే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద విడిగా నమోదు తప్పనిసరి. ఆ బాధ్యత మీరు నెత్తిన వేసుకోవద్దని నా సలహా.

ప్రభుత్వ గృహాలను పోటీగా చూడకండి. కుటుంబ, ఆర్థిక ఆసరా లేకుండా జైలు నుంచి విడుదలైన మహిళలను స్వధార్ గృహ్ పథకం పేరు పెట్టి మరీ అర్హులుగా గుర్తించింది. 2022లో ఆ పథకం, అక్రమ రవాణా బాధితుల కోసం ఉన్న ఉజ్జ్వల పథకంతో కలిసి, కేంద్ర ప్రభుత్వ మిషన్ శక్తి కింద శక్తి సదన్‌గా మారింది. హింసకు గురైన మహిళలకు సఖి కేంద్రాలలో ఐదు రోజుల వరకు తాత్కాలికంగా ఉండే వీలుంది, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ద్వారా ఆ కేంద్రాలను చేరుకోవచ్చు. మీ ఇల్లు నిండినప్పుడు ఏ తలుపు తట్టాలో ఆ చిరునామా, అక్కడి బాధ్యురాలి పేరు, ఫోన్ నంబరు గోడ మీద రాసి ఉంచుకోండి.

3. పని జైలు లోపలే మొదలవ్వాలి

జైలు సూపరింటెండెంటుకూ, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికీ మీ ఇంటి గురించి, అందులో ఉండగలవారి సంఖ్య గురించి ఉత్తరం రాసి, లోపలికి వెళ్లి మహిళలతో మాట్లాడటానికి అనుమతి తీసుకోండి. శిక్ష ఖైదీలతో విడుదలకు కనీసం మూడు నెలల ముందు నుంచీ మాట్లాడటం మొదలుపెట్టాలి. మొదటి మాటలలో నేరం గురించి అడగవద్దు. ఎవరి దగ్గరికి వెళ్లాలని ఉంది, ఎవరంటే భయం, పిల్లలు ఎక్కడున్నారు, ఏ మందులు వాడుతున్నావు, ఆధార్ కార్డు ఎవరి దగ్గర ఉంది అన్న ఐదు ప్రశ్నలు చాలు. ఈ ఐదింటి జవాబులతోనే సగం ప్రణాళిక తయారవుతుంది.

విచారణ ఖైదీల విషయంలో మొదటి అడ్డంకి తరచూ ష్యూరిటీ. బెయిల్ వచ్చినా జామీనుదారులు దొరకక లోపలే ఉండిపోయే మహిళలు ఉంటారు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకూ, నిర్బంధంలో ఉన్నవారికీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాది హక్కు. 15100 నంబరుకు ఫోన్ చేసినా ఆ సహాయం అందుతుంది. బెయిల్ ఉత్తర్వు వచ్చి ఏడు రోజులైనా విడుదల కాకపోతే సూపరింటెండెంటు ఆ సంగతిని న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలని సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఆదేశించింది. ఆ ఏడో రోజును మీరు కూడా క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి. పేద ఖైదీల సహాయం కోసం కేంద్రం 2023లో తెచ్చిన పథకం కింద బెయిల్ మొత్తానికీ, శిక్ష ఖైదీల జరిమానాకూ ఒక పరిమితి వరకు జిల్లా కమిటీ మంజూరు చేయవచ్చు. గంజాయి వంటి మాదకద్రవ్యాల కేసులకు ఇది వర్తించదు. ఏజెన్సీ ప్రాంతంలో మూట మోసినందుకు పట్టుబడిన మహిళలకు ఈ సంగతి ముందే చెప్పకపోతే లేనిపోని ఆశ కల్పించినట్లవుతుంది.

పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడని విచారణ ఖైదీ, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే విడుదలకు అర్హురాలవుతుంది. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడగల నేరాలకూ, ఒకటికి మించి కేసులున్నవారికీ ఇది వర్తించదు. మీరు కలిసే ప్రతి మహిళ అరెస్టు తేదీని, సెక్షన్లను ఒక పుస్తకంలో రాసుకుని ఈ లెక్క వేసి న్యాయవాదికి ఇవ్వండి.

మీ సంస్థ సభ్యులే ఒకరి తరువాత ఒకరికి ష్యూరిటీ ఇస్తూ పోవడం మంచిది కాదు. ఒక్కరు వాయిదా తప్పినా ఆ భారం ఇల్లంతటి మీదా పడుతుంది. సొంత పూచీకత్తు మీద విడుదల చేయమనీ, ష్యూరిటీ మొత్తం తగ్గించమనీ న్యాయవాది ద్వారా కోర్టును అడగడమే సరైన దారి. ఆమె ఫలానా చిరునామాలో ఉంటుందని మీరు ఇచ్చే ఉత్తరం ఆ వాదనకు బలమిస్తుంది.

4. విడుదల రోజు

గేటు దగ్గర తప్పకుండా ఒక మనిషి ఉండాలి. ఎదురుచూసే సమయం ఎక్కువ కాబట్టి ఇద్దరు వంతులు వేసుకోండి. లాస్ ఏంజెలెస్‌లో తానే పలుమార్లు జైలుకు వెళ్లివచ్చిన సుసాన్ బర్టన్ 1998లో తన ఇంటినే ఇలాంటి మహిళలకు తెరిచినప్పుడు, బస్సు దిగి వచ్చేవారిని స్వయంగా ఎదురువెళ్లి తెచ్చుకునేవారు. ఎక్కడైనా ఈ పనికి పునాది అదే.

విడుదల ఉత్తర్వు నకలు, బెయిల్ షరతుల కాగితం, వైద్య చీటీలు, కనీసం రెండు వారాల మందులు, పని చేసి సంపాదించిన కూలి డబ్బు, శిక్షణ సర్టిఫికెట్లు తీసుకున్నారో లేదో గేటు దగ్గరే చూసుకోండి. మళ్లీ వచ్చి అడగడానికి ఆమెకు మనసు రాదు. ఒక జత బట్టలు, చెప్పులు, లోదుస్తులు, సానిటరీ ప్యాడ్లు, ఒక చిన్న పర్సులో కొంత చిల్లర తీసుకువెళ్లండి. దారిలో ఆమె ఏమి తినాలనుకుంటే అది తినిపించండి. ఫొటోలు తీయవద్దు, దాతలకు పంపడానికైనా సరే.

5. మొదటి వారం

తొమ్మిదేళ్లు లోపల ఉండి వచ్చిన ఒకామె మా ఇంట్లో మొదటి రోజులలో స్నానాల గది తలుపు ముందు నిలబడిపోయేది. తలుపుకు తాళం లేదు, గడియ కూడా లోపలి వైపే ఉంది. అయినా టవల్ భుజాన వేసుకుని ఎవరైనా చెబుతారని ఎదురుచూసేది. "అక్కా, వెళ్లొచ్చా?" అని అడిగేది. "అడగక్కర్లేదమ్మా, తోసుకుని వెళ్లు" అని రోజూ చెప్పవలసి వచ్చింది. పదో రోజునో పదకొండో రోజునో ఆమె అడగకుండా వెళ్లి లోపల గడియ పెట్టుకున్న చప్పుడు వంటింట్లో ఉన్న మా అందరికీ వినిపించింది. ఎవరమూ ఏమీ అనలేదు.

ఇటువంటివి ముందే తెలుసుకుంటే ఇల్లు సర్దడం తేలిక. జైలు బ్యారక్‌లో రాత్రంతా దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి కొందరికి చీకట్లో నిద్ర పట్టదు. చిన్న బల్బు ఒకటి ఉంచండి. సాయంత్రం చీకటి పడకముందే భోజనం ముగించి లాకప్ చేసే అలవాటు వల్ల ఐదు గంటలకే ఆకలి వేస్తుంది, అడగడానికి సిగ్గుపడతారు. ఆ వేళకు ఉప్మానో, అటుకులో, పెరుగన్నమో బల్ల మీద ఉంటే అడగవలసిన అవసరమే రాదు. ఈ వారంలో కౌన్సెలింగ్, శిక్షణ, సమావేశాలు ఏవీ పెట్టవద్దు. నిద్ర, తిండి, తలస్నానం, ఇంటివాళ్లతో ఒక ఫోన్ మాట చాలు. మొదటి రోజే ఆమె చేతిలో ఇంటి తాళం చెవి పెట్టండి. పోతుందేమో, ఎవరికైనా ఇస్తుందేమో అన్న భయం మీకు ఉండవచ్చు. తాళం మార్చడానికి అయ్యే ఖర్చు మీరు భరించగలిగినదే.

6. కాగితాల పని, సరైన వరుసలో

రెండో వారం నుంచి గుర్తింపు పత్రాల పని మొదలుపెట్టాలి. ఇక్కడ వరుస తప్పితే నెలలు వృథా అవుతాయి. నెలల తరబడి వాడని సిమ్‌ను కంపెనీలు రద్దు చేసి ఆ నంబరును మరొకరికి ఇచ్చేస్తాయి. ఆధార్‌కూ, బ్యాంకుకూ అనుసంధానమైన నంబరు అదే అయితే, ఓటీపీలన్నీ ముక్కూ మొహం తెలియని మనిషి ఫోన్‌కు వెళుతుంటాయి. కాబట్టి ముందు ఆధార్ కేంద్రానికి తీసుకువెళ్లి వేలిముద్రలతో ఆధార్ తిరిగి పొందడం, ఆ వెంటనే ఆమె పేరు మీద సిమ్, తరువాత ఆధార్‌లో ఆ కొత్త నంబరు నమోదు, ఆ తరువాతే బ్యాంకు అన్న క్రమం పాటించండి. చిరునామా మార్పుకు గుర్తింపు పొందిన ఆశ్రయ గృహం బాధ్యులు ఆధార్ సంస్థ నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం పనికివస్తుంది. మీ అనుమతి పత్రాలు సరిగా ఉండాలని ముందు చెప్పడానికి ఇదొక కారణం.

రెండేళ్లు లావాదేవీలు లేని బ్యాంకు ఖాతాను స్తంభించిన ఖాతాగా గుర్తిస్తారు. అందులోని డబ్బు ఎక్కడికీ పోదు, కేవైసీ ఇచ్చి రుసుము లేకుండానే దానిని తిరిగి తెరిపించుకోవచ్చు. పాత ఖాతా ఉమ్మడి ఖాతానో, దాని ఏటీఎం కార్డు భర్త చేతిలో ఉందో కనుక్కుని, అవసరమైతే ఆమె ఒక్కరి పేరు మీద జన్ ధన్ ఖాతా తెరిపించండి. ఆ పైన రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవ, అర్హత ఉంటే ఒంటరి మహిళ పింఛను కోసం మీసేవలోనో, సచివాలయంలోనో దరఖాస్తు చేయాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలోనూ, 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ మహిళలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణం ఉంది. దానికీ గుర్తింపు కార్డు చూపాలి. కార్డు లేని మహిళ కోర్టుకూ, పోలీసు స్టేషనుకూ, ఆసుపత్రికీ డబ్బు పెట్టి తిరగవలసి వస్తుంది, అందుకే కార్డు పనిని వాయిదా వేయవద్దంటున్నాను.

7. వాయిదాలు తప్పకూడదు

ఇంట్లో అందరికీ కనిపించే చోట పెద్ద క్యాలెండరు పెట్టి, కోర్టు వాయిదాలు, పోలీసు స్టేషనులో సంతకం చేయవలసిన రోజులు రాయండి. పేర్లు రాయకుండా ఒక్కొక్కరికి ఒక్కో రంగు పెట్టుకోవచ్చు. కేసుకు ఉండే పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరును ఈ-కోర్ట్స్ యాప్‌లో పెడితే తరువాతి వాయిదా తేదీ తెలుస్తుంది, దానిని చూడటం ఆమెకే నేర్పండి. ఒక్క వాయిదాకు వెళ్లకపోతే వారెంటు రావచ్చు, జ్వరం వచ్చినా ముందే న్యాయవాదికి చెప్పి పిటిషను వేయించాలి. మొదటి రెండు మూడు వాయిదాలకు తోడు వెళ్లండి, ఆ తరువాత కోర్టు బయటి వరకు, ఆ తరువాత బస్సు ఎక్కించే వరకు వెళితే చాలు.

8. ఇంటి నియమాలు

నియమాలు ఒక పేజీకి మించకూడదు. అవి ఇంట్లో ఉండేవాళ్లు కూర్చుని రాసుకున్నవై ఉండాలి. కొట్టుకోకూడదు, మత్తు పదార్థాలు తేకూడదు, రాత్రి రాలేకపోతే ఫోన్ చేయాలి, ఒకరి కేసు గురించి మరొకరు బయట మాట్లాడకూడదు, వంట వంతులు తప్పకూడదు. మా ఇంట్లో చివరికి మిగిలినవి ఈ ఐదే. సంచులు వెతకడం, ఫోన్లు తీసుకోవడం, హాజరు పిలవడం, ఉత్తరాలు విప్పి చదవడం ఏ కారణంతోనూ చేయవద్దు. ఇవన్నీ ఆమె ఏళ్ల తరబడి అనుభవించి వచ్చినవే. ఒకామె రాత్రి ఆలస్యంగా వచ్చిందని తలుపు వేసేస్తే, ఆమె వెళ్లగలిగేది ఏ గుమ్మానికో మీకు తెలుసు.

తప్పు జరిగినప్పుడు బయటికి పంపేయడం అన్నిటికంటే చివరి మాట కావాలి. మరొకరికి ప్రాణహాని ఉంటే తప్ప అదే రోజు పంపకండి, పంపినా ఎక్కడికి పంపుతున్నారో ముందే ఏర్పాటు చేయండి.

9. పిల్లలు, ఆరోగ్యం

సుప్రీంకోర్టు 2006లో ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో, అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ప్రతివాదిగా ఉన్న కేసే, తల్లితో పాటు పిల్లలు ఆరేళ్ల వయసు వరకు జైలులో ఉండవచ్చని చెప్పింది. ఆరు నిండిన పిల్లలు బంధువుల ఇంటికో, బాలసదనానికో వెళతారు. విడుదలైన తల్లి మొదటి రోజే పిల్లలను తెచ్చుకోవాలనుకుంటుంది. ఆమె ఆత్రుతను తప్పుపట్టకుండా, ముందు చూడటానికి వెళ్లడం, తరువాత సెలవులకు తీసుకురావడం, ఆమెకు సంపాదన కుదిరాక శాశ్వతంగా తెచ్చుకోవడం అన్న క్రమాన్ని ఆమెతో కూర్చుని రాయండి. పిల్లవాడు తల్లిని గుర్తుపట్టకపోవచ్చు, పెంచిన పిన్నినే అమ్మా అని పిలవవచ్చు. దీనికి తల్లిని ముందుగా సిద్ధం చేయడం మీ బాధ్యత. ప్రభుత్వ గృహంలో ఉన్న పిల్లల కోసం జిల్లా బాలల సంక్షేమ కమిటీకి దరఖాస్తు చేయాలి.

మొదటి నెలలోనే క్షయ, రక్తహీనత, మధుమేహం, గర్భాశయ సమస్యలకు ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షలు చేయించండి. తెలంగాణ నుంచి వచ్చిన కొందరికి కల్తీ కల్లు అలవాటు ఉంటుంది. అందులో కలిపే మత్తుమందు ఉన్నట్టుండి ఆగితే వణుకు, మూర్ఛ, మతి తప్పిన మాటలు రావచ్చు. దానిని గాలి సోకిందనో నాటకమనో అనుకోక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. నిద్ర పట్టని, చావు మాటలు మాట్లాడే మహిళ కోసం ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడేవారు ఉంటారు.

10. పని, డబ్బు

పని వెతికేటప్పుడు గతం గురించి ఎవరికి ఎంత చెప్పాలన్నది ఆమె నిర్ణయం. అబద్ధం చెప్పమని మీరు చెప్పవద్దు, ఆమె అనుమతి లేకుండా నిజం కూడా చెప్పవద్దు. ఇళ్లలో పనికి, సెక్యూరిటీ పనికి పోలీసు వెరిఫికేషన్ అడుగుతున్నారు కాబట్టి కుట్టుపని, క్యాటరింగ్, కర్రీ పాయింట్, నర్సరీ మొక్కల పని వంటివి ముందు చూడండి. తెలంగాణ జైళ్ల శాఖ నడిపే పెట్రోల్ బంకులలో విడుదలైనవారికి పని ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి, అడగడం మరచిపోకండి. జైలు శిక్షకు బదులు మంచి నడవడి షరతుతో కోర్టు ప్రొబేషన్ మీద విడిచిపెట్టినవారికైతే, 1958 ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ఆ నేర నిర్ధారణ వల్ల కలిగే అనర్హతలు వర్తించవు. ఈ సంగతి చాలామంది యజమానులకు తెలియదు.

ఆమె జీతం ఆమె ఖాతాలోనే పడాలి. మొదటి మూడు నెలలు ఇంటి ఖర్చుకు ఏమీ అడగవద్దు, నాలుగో నెల నుంచి చిన్న మొత్తం తీసుకుని రసీదు ఇవ్వండి. ఫోన్‌లో డబ్బు పంపడం కొందరికి బొత్తిగా కొత్త. పక్కన కూర్చుని కూరగాయల బండి దగ్గర పది రూపాయలు పంపించి చూపించండి. స్థిరపడే ఊరిలో పొదుపు సంఘంలో చేర్పిస్తే అప్పుకు వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కే అవసరం తగ్గుతుంది.

11. వెళ్లే ముందు, వెళ్లిన తరువాత

ఆరు నెలల గడువు పెట్టుకోవడం మంచిదే గానీ దానిని తలుపుకు గొళ్లెంలా వాడకండి. అద్దె గది, మూడు నెలల అద్దెకు సరిపడా పొదుపు, నడుస్తున్న కేసులో తనంత తానే వాయిదాకు వెళ్లగలగడం, రాత్రి కష్టమొస్తే ఫోన్ చేయగల ఇద్దరు మనుషులు, ఈ నాలుగూ కుదిరినప్పుడు ఆమె వెళ్లడానికి సిద్ధమైనట్లు. సొంత ఊరికి వెళ్లాలనుకుంటే ఒకసారి మీరు వెళ్లి అక్కడి పరిస్థితి చూసి రండి. ముఖ్యంగా ఎదుటి పక్షం వాళ్లు అదే వాడలో ఉంటే ఆమె చెప్పే ధైర్యాన్ని మాత్రమే నమ్మి పంపకండి.

వెళ్లేటప్పుడు గ్యాస్ పొయ్యి, రెండు గిన్నెలు, చాప, నెల సరుకులు ఇవ్వండి. కాగితాలన్నిటి నకళ్లు ఒక ప్లాస్టిక్ కవరులో ఆమెకు, మరో ప్రతి మీ దగ్గర ఉండాలి. మొదటి నెలలో వారానికి ఒకసారి, తరువాత ఏడాది పాటు నెలకు ఒకసారి ఫోన్ చేయండి. ఆమె ఫోన్ ఎత్తకపోతే మనిషిని పంపండి.

మా ఇంట్లో ఎనిమిది మంచాలు ఉండేవి, ఏడుగురినే తీసుకునేవాళ్లం. ఎనిమిదో మంచం మీద దుప్పటి పరచి ఉంచేవాళ్లం, వెళ్లిపోయినవాళ్లలో ఎవరైనా రాత్రి పదింటికి వచ్చి తలుపు తడితే పడుకోవడానికి.